స్కానుకు ముందు అనుమతి: సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

గత సంవత్సరము మా సంఘ సభ్యుడొకరు నడుము నొప్పితో లేవలేకపోయిరి. ముప్పది ఏండ్లు గుంటమగ్గము తొక్కిన మనిషి. ఒక ప్రైవేటు ఆసుపత్రివారు రెండు దినములు పడకలో నుంచి, ఎం.ఆర్.ఐ. స్కాను తీసి పంపిరి. ఇన్సూరెన్సు కంపెనీవారు బిల్లు చెల్లించము పొమ్మనిరి. ఇంటిలోని గొలుసు కుదువకు పోయినది. "సెక్రెటరీగారూ, డబ్బు కట్టించుకొన్ననాడు ఈ మాట ఎవరును చెప్పలేదే!" అని ఆయన నాయొద్ద వాపోయిరి.

మన యింట తెలుగు, బజారున తమిళము, పాలసీలో ఇంగ్లీషు. చిక్కు అక్కడనే యున్నది. ఆరోగ్య పాలసీలలో మినహాయింపుల క్రింద నాలుగవ నిబంధన యొకటి కలదు. కేవలము పరీక్షల కొరకే ఆసుపత్రిలో చేరినచో ఆ ఖర్చు చెల్లదు. చేరి పొందిన చికిత్సకు అవసరమైన స్కాను అయినచో చెల్లును. చేరుటకు ముందు తీసినదియు సాధారణముగా ముప్పది దినముల వరకు లెక్కకు వచ్చును. మీ పాలసీలో ఎన్ని దినములో చూచుకొనుడు.

2005లో నేతవారికని వచ్చిన ఆరోగ్య బీమాలో కుటుంబమునకు ఏటికి రూ. 15,000, అందులో ఆసుపత్రిలో చేరకయే చూపించుకొనుటకు రూ. 7,500 ఉండెను. ఆ పథకము నేడు లేదు. పెద్దలు చాలమంది ఇంకను ఆ లెక్కలోనే యున్నారు.

అనుమతి ఇచ్చువారు చూచునవి ఇవి: నొప్పి ఎన్నాళ్లుగా నున్నది, ఏ మందులు వాడిరి, స్కాను వలన చికిత్సలో ఏమి తేలును. చీటీలో "నడుము నొప్పి" అని మాత్రమే యున్న చాలదు. కాలు తిమ్మిరి యున్న డాక్టరుగారికి చెప్పి వ్రాయించుకొనుడు. లేనిది వ్రాయింపరాదు. మామూలు నడుము నొప్పి చాలమందికి ఆరు వారములలో తగ్గును గనుక వెంటనే స్కాను వద్దనుట ప్రతిసారి అన్యాయము కాదు. కాని కాలు పట్టు తప్పినను, మూత్రము స్వాధీనము తప్పినను అనుమతికై కాచుకొనక వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను. కోయంబత్తూరువారికి మెడికల్ కాలేజి ఆసుపత్రి, మధురవారికి రాజాజీ ఆసుపత్రి కలవు.

ఏటికి రూ. 1,20,000 లోపు ఆదాయము గల కుటుంబములకు తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకము కలదు, రూ. 5 లక్షల వరకు చికిత్స. అందు కొన్ని పరీక్షలకును చోటున్నది. ఆదాయ సర్టిఫికెటు, రేషను కార్డులతో కలెక్టరాఫీసులో కార్డు పొందవచ్చును. రోగము వచ్చిన పిదప పరుగెత్తుటకంటె ఇప్పుడే పొందుట మేలు.

సొంత పాలసీవారు నగదు లేని చికిత్స కోరినచో, 2024 మే నెల ఉత్తరువు ప్రకారము కంపెనీ ఒక గంటలో జవాబీయవలెను. కాదన్నచో కారణము వ్రాతలో అడుగుడు. కంపెనీకి ఫిర్యాదు వ్రాసి, నెలలో పరిష్కారము కానిచో చెన్నపట్నములోని ఇన్సూరెన్సు ఆంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

మా సభ్యుని కాగితములు తిరిగి చూడగా, ఆసుపత్రిలో ఆయనకు చికిత్సయు జరిగినట్లు మందుల బిల్లులలో నుండెను. విడుదల చీటీలో మాత్రము "పరీక్షల కొరకు" అని యున్నది. డాక్టరుగారు జరిగినది జరిగినట్లు వ్రాసియిచ్చిరి. ఫిర్యాదు పంపితిమి, జవాబు రావలసియున్నది. పడుగు మగ్గమెక్కించక మునుపే పోగులు సరిచూచుకొందుము గదా. స్కానుకు పోవు ముందు కాగితములను గూడ అట్లే సరిచూచుకొనుడు. చదువ రానివారు సంఘ కార్యాలయమునకు తెచ్చినచో చదివి చెప్పెదము.