ఒకరి వ్రాత మరొకరికి వినిపిస్తే

వ్రాసినదానిని పెట్టెలో దాచుకొనేవారు అనేకులు. దానిని మరొకరి ఎదుట చదివే ధైర్యం కొందరికే ఉంటుంది. ఆ ధైర్యం చేసినవారి మధ్య ఎటువంటి స్నేహం పుడుతుందో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో కూడుకొన్న ఒక చిన్న గుంపును చూస్తే తెలుస్తుంది.

సి.ఎస్. లూయిస్, జె.ఆర్.ఆర్. టోల్కీన్ అక్కడి విశ్వవిద్యాలయంలో ఉపాధ్యాయులు. 1926లో వారికి పరిచయమైంది. ఇద్దరూ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులై వెళ్లి, స్నేహితులను పోగొట్టుకొని తిరిగి వచ్చినవారే. 1929లో టోల్కీన్ తాను ఏండ్ల తరబడి వ్రాస్తున్న ఒక పెద్ద కావ్యాన్ని లూయిస్ చేతికిచ్చారు. లూయిస్ దానిని రాత్రి పొద్దుపోయేవరకు చదివి, మొదట మెచ్చుకొని, తర్వాత ఎక్కడెక్కడ బాగుచేయాలో వివరంగా వ్రాసి పంపారు. ఆ స్నేహం అలా గట్టిపడింది.

అప్పటికి లూయిస్ క్రీస్తును ఎరిగినవారు కారు. 1931 సెప్టెంబరు 19 రాత్రి టోల్కీన్, హ్యూగో డైసన్ అనే మరొక మిత్రుడు ఆయనతో నడుస్తూ చాలాసేపు మాట్లాడారు. కొద్ది దినాలకే లూయిస్ విశ్వాసి అయ్యారు. కథలను గూర్చి మొదలైన మాటలు రక్షకుని యొద్దకు నడిపించాయి!

ఆ రోజుల్లోనే ఒక విద్యార్థి 'ఇంక్లింగ్స్' అనే పేరుతో చిన్న సంఘం నడిపాడు. సభ్యులు తాము వ్రాసినవి చదివి వినిపించాలి. అది త్వరలోనే ఆగిపోయినా ఆ పేరు మాత్రం లూయిస్ మిత్రులకు మిగిలింది. ఇంకు అంటే సిరా గదా! గురువారం రాత్రులు లూయిస్ గదిలో వారు కూడుకొనేవారు. అధ్యక్షుడు లేడు, చందా లేదు, నియమావళి లేదు. వచ్చినవారందరూ పండితులు కూడా కారు. ఒకరు వైద్యుడు, ఒకరు న్యాయవాది, ఒకరు పుస్తక ప్రచురణ సంస్థ ఉద్యోగి. లూయిస్ అన్నగారు సైన్యంలో పనిచేసినవారు. టోల్కీన్ రోమన్ కథోలిక్కు, లూయిస్ ఇంగ్లండు సంఘస్థుడు. అయినా ఒకే గదిలో కూర్చున్నారు.

వారు ముఖస్తుతి చేసుకోలేదు. టోల్కీన్ చదివే కథ వినడానికి డైసన్ ఇష్టపడలేదు. లూయిస్ పిల్లల కోసం వ్రాసిన నార్నియా కథలు టోల్కీన్‌కు నచ్చలేదు. 1949తో గురువారపు చదువులు ఆగిపోయాయి, పాత సాన్నిహిత్యం కూడా తగ్గింది. అయినా 1954లో కేంబ్రిడ్జిలో ఆచార్య పదవి వచ్చినప్పుడు వెనుకాడిన లూయిస్‌ను ఒప్పించినది టోల్కీనే. 1961లో నోబెల్ బహుమతికి టోల్కీన్ పేరు పంపినది లూయిసే. పన్నెండేండ్లకు పైగా సాగిన తన పెద్ద నవల లూయిస్ ప్రోత్సాహం లేకపోతే పూర్తయ్యేది కాదని టోల్కీన్ స్వయంగా ఒప్పుకొన్నారు. నచ్చని మాట చెప్పుకొన్నా ఒకరి మేలు ఒకరు కోరడం మానలేదు. నిజమైన స్నేహానికి ఇంతకంటె గురుతేమి కావాలి?

ప్రియ పాఠకులారా, ఇది గొప్ప చదువులు చదివినవారికే అని అనుకోవద్దు. మీ సంఘంలో నెలకొక సాయంకాలం నలుగురు కూర్చోండి. సాక్ష్యం, క్రిస్మస్ నాటిక, అమ్మమ్మ చెప్పిన కరువునాటి సంగతి, దూరాన కూలికి వెళ్లిన కుమారునికి ఉత్తరం, ఏదైనా వ్రాయవచ్చు. వ్రాయడం రానివారు చెబితే పిల్లలు వ్రాసిపెట్టవచ్చు. ఇంక్లింగ్స్ కూటంలో స్త్రీలకు చోటు లేకపోయింది. మన కూటంలో తల్లులకు, అక్కచెల్లెండ్రకు ముందు వరుసలోనే చోటివ్వండి.

ఒక్క మాట జ్ఞాపకముంచుకోండి. ముందు పూర్తిగా వినండి. తర్వాత మీకు తాకిన సంగతి చెప్పండి. ఆ తర్వాతనే సరిదిద్దవలసినది ప్రేమతో చెప్పండి. అక్కడ విన్న ఇంటి బాధలను వీధిలోకి తీసుకుపోవద్దు. ఏండ్ల తరబడి పక్కపక్క చాపలమీద కూర్చొని ఆరాధించినా ఒకరి భారం ఒకరికి తెలియని కుటుంబాలు మన సంఘాల్లో ఎన్ని లేవు! ఒక చిన్న నోటు పుస్తకం ఆ దూరాన్ని తగ్గించగలదు.