పాలబండి రేకులకు తుప్పు: రంగుకు ముందు నీటి దారి చూడండి

కారంపూడి చుట్టుపక్కల పల్లెలు తిరిగి పాలు చేరవేసే ట్రాలీ ఆటోగాని, వ్యానుగాని ఒక్కపూట ఆగితే నష్టం బండి యజమానికి మాత్రమే కాదు. పితికిన పాలను కొద్ది గంటల్లోనే చల్లబరచాలి. పల్నాటి ఎండల్లో ఆలస్యమైతే పాలు పులుస్తాయి. పులిసిన పాలను కేంద్రంలో తీసుకోరు. ఆ నష్టం పాలు పోసిన సభ్యులందరిమీదా పడుతుంది. ఇంజనులో చిన్న చప్పుడు తేడా వస్తే వెంటనే మెకానిక్‌ను పిలుస్తారు. రేకుల సంగతి మాత్రం కంత పడేదాకా చాలామంది పట్టించుకోరు. అందుకని బండి బాడీకి తుప్పు ఎందుకు పడుతుందో, పడితే ఏం చేయాలో, పడకుండా ఎలా చూడాలో ఇక్కడ వివరిస్తున్నాం. సొంత కారు ఉన్న సభ్యులకు కూడా ఇది పనికివస్తుంది.

తుప్పు ఎలా పడుతుంది?

ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ - ఈ మూడూ కలిస్తేనే తుప్పు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా తుప్పు పట్టదు. నీటిలో ఉప్పు ఉంటే తుప్పు మరింత వేగంగా పడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద రేకు బుడగలా ఉబ్బడానికి కారణం అదే. అల్యూమినియం క్యానుమీద ఏర్పడే పలుచని పొర క్యానును కాపాడుతుంది. ఇనుముమీద తుప్పు అలా కాదు. అది గుల్లగా ఉండి తడిని పీల్చుకొని లోపలి ఇనుమును ఇంకా తింటుంది. చెదలు తిన్న దూలంలాగ, పైకి కనిపించేసరికి లోపల సగం పని అయిపోయి ఉంటుంది.

పాలబండికి ప్రత్యేకమైన బాధలు

పాలబండికి వాననీటితోపాటు మరికొన్ని ఇబ్బందులున్నాయి. ఒలికిన పాలు పులిసి లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. పాలలో లవణాలు కూడా ఉంటాయి. ఇవి క్యాన్ల కింద పరచిన గోనెపట్టా, రబ్బరు షీటు అడుగున చేరి ఆరకుండా ఉంటాయి. క్యాన్లు ఈడ్చినచోట రంగు గీసుకుపోయి ఇనుము బయటపడుతుంది. బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళు రేకుమీద నిలిస్తే ఇనుమును త్వరగా తింటాయి. రోడ్డు బురద మడ్‌గార్డుల లోపల గట్టిపడి తడిని పట్టి ఉంచుతుంది. డోర్ల అడుగున నీరు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడిపోతే వాననీరు డోరులోనే నిలిచి, రేకును లోపలినుంచి తింటుంది.

తుప్పు పడితే ఏం చేయాలి?

ముందుగా బండిని కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఉబ్బినచోట స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడాలి. గట్టిగా మోగితే తుప్పు పైపైనే ఉన్నట్లు. మెత్తగా లోపలికి పోతే రేకు పోయినట్లే.

తుప్పు పైపైనే ఉంటే వైరు బ్రష్షుతోను, తర్వాత ఎమరీ కాగితంతోను తెల్లని లోహం కనిపించేదాకా గీకాలి. మచ్చవరకే ఆగక చుట్టూ మంచి రంగు వచ్చేదాకా గీకాలి. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందు పూస్తే అది గట్టి ఫాస్ఫేటు పొరగా మారుతుంది. సుమారు 1600 ఏళ్ళుగా నిలిచి ఉన్న ఢిల్లీ ఇనుపస్తంభాన్ని కాపాడుతున్నది కూడా, ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండడంవల్ల దానిపై ఏర్పడిన ఇలాంటి పొరే అని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఈ మందు వాడేటప్పుడు చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి. పాల క్యాన్లకు దూరంగా పని చేయాలి. డబ్బామీద రాసినంతసేపు ఆగి, చెప్పిన ప్రకారం శుభ్రం చేసి, అదే రోజు ప్రైమరు వేయాలి. గీకిన ఇనుమును తెల్లవారేదాకా వదిలేస్తే మంచుకే మళ్ళీ ఎర్రబడుతుంది. ప్రైమరు ఆరాక లప్పం, దానిమీద మళ్ళీ ప్రైమరు, ఆపైన రంగు.

కంత పడితే లప్పంతో పూడ్చవద్దు. లప్పం తడిని పీల్చుకుంటుంది. కొత్త రంగుతో నాలుగు నెలలు మెరిసి, వానాకాలానికి పెచ్చులుగా రాలిపోతుంది. పైన పటారం, లోన లొటారం అన్నట్లుంటుంది. పాడైన రేకును మంచి రేకు తగిలేదాకా కోసి, కొత్త ముక్క వెల్డింగు చేయించాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. డీజిలు, పెట్రోలు ట్యాంకుకు, గొట్టాలకు దగ్గరైతే వాటిని తొలగించిన తర్వాతే పని మొదలుపెట్టాలి. అతుకు వెనకవైపు కూడా ప్రైమరు పడాలి. టింకరింగు షాపులో ఈ మాట ప్రత్యేకంగా అడిగి చేయించుకోవాలి. ఎందుకంటే కొత్త తుప్పు మొదలయ్యేది అక్కడే.

పడకుండా ఉండాలంటే

ఇల్లు అలకగానే పండగ కాదు. రంగు వేసినంతమాత్రాన తుప్పు పోదు. రోజూ పాలు దింపగానే పట్టాలు తీసి, బండి అడుగును మంచినీళ్ళతో కడిగి, వాలుగా నిలిపి ఆరనివ్వాలి. తడి పట్టాలను మళ్ళీ పరచరాదు. బ్లీచింగు నీళ్ళు తగిలితే వెంటనే మంచినీళ్ళు పోయాలి. క్యాన్ల కింద చెక్క పలకలు వేసి, మధ్య సందులు వదిలితే నీరు జారిపోతుంది. వారానికోసారి మడ్‌గార్డుల లోపలి బురద కడగాలి. డోరు రంధ్రాలను సన్నని పుల్లతో పొడిచి తెరవాలి. రంగు గీసుకుపోతే ఆ వారంలోనే ప్రైమరు అద్దాలి. జూన్‌లో వానలు పడకముందు, మళ్ళీ వానలు వెనకబట్టాక బండి అడుగు అంతా ఒకసారి చూడాలి.

ఈ పనులకు కావలసినవి బక్కెట్టు నీళ్ళు, ఒక పుల్ల, కొంచెం శ్రద్ధ. కొత్త రేకు వేయించాలంటే డబ్బుతోపాటు బండి కొన్నాళ్ళు షాపులో ఉండాలి. అన్నాళ్ళూ పాలు ఏ బండిలో పోతాయి? కనుక వచ్చే పాలకవర్గ సమావేశానికి సంఘ కార్యదర్శులు బండి నడిపేవారిని కూడా పిలిచి, పట్టాలు ఎత్తి, డోర్లు తీసి అందరి ముందూ చూపించవలసిందిగా కోరుతున్నాం. అద్దె బండి అయితే రోజూ కడిగే బాధ్యత ఎవరిదో ఒప్పందంలోనే రాసుకోవడం మంచిది.