ప్రత్తిపై దిగుమతి సుంకము

రామగిరి ఖిల్లా చుట్టును గల నేలకు రెండు పంటలు గలవని చెప్పవచ్చును: అడుగున బొగ్గు, పైన ప్రత్తి. బొగ్గు ధరను సింగరేణి సంస్థ ముందుగనే ప్రకటించును. ప్రత్తి ధర యెక్కడ నిర్ణయమగునో పండించిన రైతునకు తెలియదు. ఆ ధరను కదల్చు శక్తులలో నొకటి ఢిల్లీనుండి వెలువడు సుంకపు ఉత్తరువు. దానిని గూర్చియే యిచ్చట ముచ్చటింతము.

విదేశపు సరకును నిలువరించుటకు ప్రభుత్వమునకు రెండు సాధనములు గలవు. సుంకము విధించినచో సరకు ఎంతయైనను రావచ్చును గాని, ధర పెరిగి వచ్చును. కోటా విధించినచో ఇంతకు మించి రారాదు. ఈ కోటాలు మనకు క్రొత్తవి కావు. 1974 మొదలు 2004 వరకు సంపన్న దేశములు మన బట్టలపై వానిని విధించియే యుండెను. రెండును కలిసిన పద్ధతియు నొకటి గలదు. 2022 డిసెంబరు 29న అమలులోనికి వచ్చిన ఒప్పందము ననుసరించి ఆస్ట్రేలియా ప్రత్తి ఏటా 51,000 టన్నులు, అనగా 170 కిలోల బేళ్ళు 3 లక్షలు, సుంకము లేక రావచ్చును. అంతకు మించినదానికి ఆ రాయితీ వర్తింపదు.

2021 బడ్జెటులో ప్రత్తిపై 5 శాతము మూల సుంకమును, 5 శాతము వ్యవసాయ మౌలిక వసతుల సుంకమును విధించిరి. ఈ పదిలో పదవవంతు సంక్షేమపు అదనపు సుంకము. వెరసి 11 శాతము.

ఇది రైతును తాకు విధమెట్టిది? క్వింటాలు ప్రత్తిని జిన్నింగు చేసినచో సుమారు 33, 34 కిలోల దూది వచ్చును. తక్కినది చాలవరకు గింజ. వర్తకుడు దూది ధరను లెక్కించుకొనియే ప్రత్తికి ధర కట్టును. విదేశపు దూది 100 రూపాయలకు రేవు చేరినచో సుంకముతో 111 అగును. అంతవరకు మన దూది ధర పెరుగునని కాదు, పెరుగుటకు చోటుండునని యర్థము. సుంకమును తొలగించిన యెడల ఆ చోటు తగ్గును.

నూలు మిల్లుల వాదమును త్రోసిపుచ్చరాదు. వానితో పోటీపడు బంగ్లాదేశ్, వియత్నాములు ప్రత్తిని సుంకము లేకయే తెచ్చుకొనుచున్నవి. 2022 ఏప్రిలు 14న సుంకమును తాత్కాలికముగా తొలగించినపుడు దూది ధర మిన్నంటుచుండెను. మే నెలలో కండీ, అనగా 356 కిలోలు, లక్ష రూపాయలు దాటెను. రైతులలో పెక్కుమంది అప్పటికే పంట నమ్ముకొనిరి.

2025లో కథ వేరు. అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచుచున్న తరుణమున, ఆగస్టు 19నుండి ప్రత్తిపై సుంకము తొలగినది. మొదట సెప్టెంబరు 30 వరకని చెప్పి, పిదప డిసెంబరు 31 వరకు పొడిగించిరి. తెలంగాణమున ప్రత్తి తీత అక్టోబరులో ఊపందుకొనును. అనగా మన పంట విపణికి వచ్చు నెలలలోనే తలుపు తెరచియుండెను.

మద్దతు ధర యుండగా భయమేలయని కొందరందురు. ఆ సంవత్సరము పొడుగు పింజ ప్రత్తికి క్వింటాలు 8,110 రూపాయలు నిర్ణయించిరి. బహిరంగ విపణి ధర దానికి దిగువన నుండెను. కాని భారత ప్రత్తి సంస్థ తేమ 12 శాతము మించినదానిని కొనదు. 8 దాటినచో ధర తగ్గించును. అక్టోబరు చివర మొంథా తుఫాను వానలు కురిసినవి. తడిసిన ప్రత్తిని ఇంటిలో ఆరబెట్టుకొనుటకు చోటును, అప్పు తీర్చుటకు గడువును లేని రైతు ప్రైవేటు వర్తకుని ఆశ్రయింపక తప్పదు. ఆ వర్తకుడిచ్చు ధరకు రేవులోని ధరతో సంబంధము గలదు. అందువలన సుంకపు మినహాయింపు బరువు ముందుగా పడునది మద్దతు ధర అందనివానిపైననే.

సుంకము శాశ్వతముగా నుండవలెనని మేము కోరుట లేదు. మినహాయింపు నీయదలచిన, తొలకరికి ముందే, విత్తుట మాననో మానకుండనో రైతు నిశ్చయించుకొను వేళకు, దాని తేదీలను ప్రకటింపవలెను. 2025లో విత్తనము జూనులో నేలబడినది. ఉత్తరువు ఆగస్టులో వచ్చినది.