మురానో ఫ్లవర్ వాజ్ కొనేముందు అడుగు తిరగేసి చూడండి

ఆటోనగర్ నుంచి మాట్లాడుతున్నా. వెనకాల సుత్తి మోత వినపడితే ఏమనుకోకండి, పక్క షెడ్డులో లారీ బాడీ కడుతున్నారు.

మన ఎపిసోడ్లు చూసే తమ్ముడొకడు స్క్రీన్‌షాట్ పంపాడు. "ఒరిజినల్ మురానో ఫ్లవర్ వాజ్, హ్యాండ్‌మేడ్, పద్దెనిమిది వేలు. తీసుకోనా అన్నా?" అని. పద్దెనిమిది వేలంటే చాలామందికి నెల జీతం. అందుకే ఈ రోజు దీని గురించే మాట్లాడుకుందాం.

ముందు మురానో అంటే ఏంటి? ఇటలీలో వెనిస్ పక్కనే ఉన్న చిన్న దీవుల గుంపు. 1291లో వెనిస్ ప్రభుత్వం గాజు కొలిములన్నీ అక్కడికి మార్చమంది. ఊళ్లో ఇళ్లు కాలిపోతాయన్న భయం ఒక కారణం. పనివాళ్లంతా ఒకేచోట ఉంటే పని రహస్యాలు బయటికి పోవు, అది ఇంకో లాభం. ఆ రోజుల్లో గాజు మేస్త్రీలు అనుమతి లేకుండా దేశం దాటి పోకూడదు కూడా.

ఇప్పుడు తయారీ చూద్దాం. ఆటోనగర్‌లో గాజు అంటే మనకు బండి అద్దాలే గుర్తొస్తాయి. కారు సైడ్ అద్దం పగిలితే పటిక బెల్లంలా చిన్న చిన్న ముక్కలైపోతుంది కదా? వేడి గాజు మీద ఒక్కసారిగా చల్లగాలి కొట్టి దాన్ని అలా తయారుచేస్తారు. ఫ్లవర్ వాజ్ పని దీనికి పూర్తిగా రివర్స్. కొలిమిలో కరిగిన గాజును గొట్టం చివర తీసుకుని, ఊది, తిప్పుతూ రూపం తెస్తారు. తర్వాత దాన్ని సుమారు 500 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి గంటల తరబడి మెల్లగా చల్లారుస్తారు. తొందరపడితే లోపల ఒత్తిడి మిగిలిపోయి, ఎప్పుడో ఒకరోజు దానంతటదే పగులుతుంది.

రంగుల డిజైన్ల సంగతేంటి? రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. ఒకటి మురీనే. రంగురంగుల గాజు కడ్డీలు కట్టగా కలిపి, వేడిచేసి, సాగదీసి, అడ్డంగా ముక్కలు కోస్తారు. బెండకాయ ఎక్కడ కోసినా అదే పువ్వు కనపడుతుంది చూడండి, అలాగన్నమాట. రెండోది సొమ్మెర్సో. ఒక రంగు గాజును ఇంకో రంగు గాజులో ముంచి పొరలు వేస్తారు.

కలెక్ట్ చేసేవాళ్లకు కొన్ని పేర్లు తెలియాలి. వెనీనీ కంపెనీ 1921లో మొదలైంది. 1940ల చివర్లో ఫుల్వియో బియాంకోనీతో కలిసి వాళ్లు చేసిన 'ఫాత్సొలెత్తో' వాజ్ చేతిరుమాలు మడతపడినట్టు ఉంటుంది. దానికి వచ్చినన్ని కాపీలు అన్నీ ఇన్నీ కావు. మన కాలంలో పెద్ద పేరు లీనో తాల్యాపియెత్రా. 1934లో మురానోలోనే పుట్టాడు. 1979లో అమెరికా వెళ్లి అక్కడివాళ్లకు ఈ పని నేర్పాడు. ఆ రహస్యాలు బయటపెట్టాడని సొంత ఊళ్లో కొందరికి కోపం కూడా వచ్చింది.

సరే, అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? మన పక్కనే కొండపల్లి ఉంది కదా. కొండపల్లి బొమ్మ అంటే తెల్లపొణికి చెక్కతో అక్కడివాళ్లు చేసింది. దానికి జీఐ ట్యాగ్ ఉంది. ఎక్కడో చేసి "కొండపల్లి స్టైల్" అంటే అది కొండపల్లి బొమ్మ అయిపోదు. "మురానో స్టైల్" కూడా అంతే. స్టైల్ అన్న మాట కనపడితే అక్కడే ఆగండి.

ఒకటి, అడుగు తిరగేసి చూడండి. ఊదేటప్పుడు అడుగున ఇనుప కడ్డీ అతికిస్తారు. దాన్ని విరగ్గొట్టిన గుర్తో, ఆ గుర్తును అరగదీసిన నున్నటి చోటో సాధారణంగా ఉంటుంది. పక్కల నిలువుగా అతుకు గీత ఉంటే అచ్చులో పోసింది కావచ్చు. రెండు, సంతకం, కంపెనీ పేరు ఉన్నాయో లేదో చూడండి. మూడు, 'వెత్రో ఆర్తిస్తికో మురానో' స్టిక్కర్. ఇది 1994 నాటి వెనెతో ప్రాంత చట్టంతో వచ్చిన గుర్తు. దాని మీద కోడ్‌ను బట్టి ఎవరు చేశారో తెలుస్తుంది. అయితే అందరూ ఈ గుర్తు వాడరు, కాబట్టి అది లేనంత మాత్రాన నకిలీ అనలేం. ఉత్త "మేడ్ ఇన్ మురానో" రేకు స్టిక్కర్‌ను మాత్రం నమ్మకండి, అది ఎవడైనా అంటిస్తాడు. లోపల బుడగలున్నాయి కాబట్టి హ్యాండ్‌మేడ్ అనే మాట కూడా నమ్మకండి. బుడగలు కావాలనే వేయొచ్చు.

అసలువి ఎందుకంత ఖరీదు? కొలిమి రాత్రీపగలూ మండుతూనే ఉండాలి. 2021 చివర్నుంచి 2022 దాకా యూరప్‌లో గ్యాస్ ధర ఎగబాకితే మురానోలో చాలా కొలిములు ఆపేశారు. మనం నకిలీకి ఇచ్చే ప్రతి రూపాయీ ఆ మేస్త్రీ చేతికి అందకుండా పోయేదే.

డబ్బు పెట్టేముందు అమ్మేవాడిని మూడు అడగండి. చేసినవాళ్ల పేరుతో బిల్లు, అడుగు భాగం క్లియర్ ఫోటో, పగిలి వస్తే వాపసు ఇస్తానని రాతపూర్వకంగా మాట. బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ కూడా లెక్కేసుకోండి. ఈ మూడింటిలో ఏది అడిగినా నసిగితే కొనకండి.

కొనకుండా కళ్లతో నేర్చుకోవాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్లండి. అక్కడి యూరప్ గాజులో వెనిస్ పనితనం కూడా ఉంది. ఒక గంట నిలబడి చూస్తే, ఫోన్‌లో వంద ఫోటోలు చూసినా పట్టుబడనిది పట్టుబడుతుంది.

ఇక ఉంటా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.