ప్రార్థించే చేతులు గీసిన చేయి



జోడించిన రెండు చేతుల బొమ్మను మీరు తప్పక చూసి ఉంటారు. క్యాలెండర్ల మీద, వాక్యపు కార్డుల మీద అది కనబడుతుంది. దానితోపాటు ఒక కథ కూడ ప్రసంగాలలో వినబడుతుంది. ఇద్దరు బీద అన్నదమ్ములు బొమ్మాబొరుసు వేసికొన్నారనీ, ఓడినవాడు గనిలో కష్టపడి రెండవవానికి చిత్రకళ నేర్పించాడనీ, పనిలో మొద్దుబారిన ఆ చేతులనే చిత్రకారుడు గీశాడనీ ఆ కథ. మనస్సును కరిగించే కథే! కాని అది జరిగినది కాదు. జరిగిన చరిత్ర ఇంకా గొప్పది.

ఆ బొమ్మ గీసినవాడు జర్మనీ దేశస్థుడైన ఆల్బ్రెక్ట్ డ్యూరర్. ఫ్రాంక్‌ఫర్ట్ వర్తకుడు యాకోబ్ హెల్లర్ కోరిన బలిపీఠపు చిత్రంలో ఒక అపొస్తలుని కోసం, 1508లో నీలి కాగితంపై ముందుగా వేసికొన్న నమూనా అది. పెద్ద చిత్రం 1729లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. నమూనా మాత్రం వియన్నా నగరంలోని అల్బెర్టినా మ్యూజియంలో భద్రంగా ఉంది. ఇక ఆయన తమ్ముళ్లలో పెద్దవారై బ్రతికినది ఇద్దరే. ఒకడు కంసాలి, ఒకడు చిత్రకారుడు. గనిలో నలిగినవాడు ఎవడూ లేడు.

డ్యూరర్ 1471లో నూరెంబర్గ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి కంసాలి. ఆ తలిదండ్రులకు పుట్టిన 18 మందిలో మిగిలినది ముగ్గురు కుమారులే. డ్యూరర్ కొద్దికాలం బడికి వెళ్లి, తండ్రివద్ద కంసాలిపని నేర్చి, 15వ ఏట ఒక చిత్రకారుని వద్ద శిష్యునిగా చేరాడు. ఆ దినాలలో అక్కడ చిత్రకారుని కూడ వడ్రంగి వలెనే చేతిపనివానిగా ఎంచేవారు. చదువంటే లాటిన్ చదువు. పనివాని ఇంటికి అది దూరమే.

అదే కాలంలో ఐరోపాలో ఒక క్రొత్త చదువు వ్యాపించింది. ప్రాచీన గ్రీకు, లాటిన్ గ్రంథాలను మూలభాషలలో చదవడం, చరిత్ర, కావ్యము, వక్తృత్వము, నీతిశాస్త్రముల ద్వారా మనిషిని గూర్చి తెలిసికోవడం దాని లక్ష్యం. నేడు కళాశాలలలో మానవీయ శాస్త్రాలు అనేవాటికి అదే పునాది. ఆ చదువులో ఆరితేరిన విలిబాల్డ్ పిర్క్‌హైమర్ డ్యూరర్‌కు ప్రాణస్నేహితుడు. ఆ పండితుడు తనకు తెలిసినదంతా కంసాలి కుమారునితో పంచుకొన్నాడు.

పొందినదాన్ని డ్యూరర్ తనవద్దే దాచుకోలేదు. 1525లో రేఖాగణితంపై ఒక పుస్తకాన్ని జర్మన్ భాషలో అచ్చు వేయించాడు. చిత్రకారులకే కాక కంసాలులకు, శిల్పులకు, తాపీపనివారికి, వడ్రంగులకు కూడ ఉపయోగపడాలని దానిని వ్రాశాడు. పండితుల మాటలకు బదులు నత్త గీత, గుడ్డు గీత వంటి తేలిక మాటలు వాడాడు. ఆ పుస్తకం పనివారి మధ్యనే ఆగిపోలేదు. దానిలోని ఏడు భుజాల ఆకృతిని గూర్చి ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1619లో తన గ్రంథంలో చర్చించాడు.

డ్యూరర్ మరియొక గ్రంథం మానవ శరీరపు కొలతలను గూర్చినది. పురుషులను, స్త్రీలను, పసిబిడ్డలను పరిశీలించి, సన్ననివారికి, లావైనవారికి వేర్వేరు కొలతలు ఇచ్చాడు. అందరినీ ఒకే అచ్చులో పోయలేదు. పరిపూర్ణమైన అందమేదో తనకు తెలియదనీ, అది దేవునికే తెలుసుననీ వినయంగా ఒప్పుకొన్నాడు. 1528 ఏప్రిల్ 6న ఆయన కన్నుమూశాడు. భార్య ఆగ్నెస్ అదే సంవత్సరం ఆ గ్రంథాన్ని ప్రచురింపజేసింది.

ఇక్కడ ఒక వింత గమనించండి. లాటిన్ గ్రంథాలు ప్రజల భాషలోనికి రావడం సహజం. ఈ గ్రంథమైతే ప్రజల భాషనుండి లాటిన్‌లోనికి వెళ్లింది! దానిని తర్జుమా చేసినవాడు గ్రీకు పండితుడైన యోవాకిమ్ కమెరారియస్. లూథర్ సహచరుడైన ఫిలిప్ మెలంక్తాన్ 1531లో వక్తృత్వముపై గ్రంథం వ్రాస్తూ, గంభీరమైన శైలికి ఉదాహరణగా డ్యూరర్ చిత్రాలను చూపించాడు. చేతిపనివాడు పండితులకు పాఠమయ్యాడు.

నూరెంబర్గ్ 1525లో సంస్కరణను అంగీకరించింది. మరుసటి ఏడాది డ్యూరర్ యోహాను, పేతురు, మార్కు, పౌలుల నిలువెత్తు చిత్రాలను రెండు పలకలపై వేసి పట్టణ సభకు సమర్పించాడు. వాటి క్రింద లూథర్ జర్మన్ తర్జుమానుండి వాక్యాలు వ్రాయించాడు. అబద్ధ ప్రవక్తలను గూర్చిన హెచ్చరికలు అవి. 1627లో బవేరియా పాలకుడు ఆ చిత్రాలను మ్యూనిక్‌కు తెప్పించుకొని, క్రింది వాక్యాల భాగాన్ని రంపంతో కోయించి నూరెంబర్గ్‌కు తిప్పి పంపాడు. బొమ్మలు కావాలి, మాటలు వద్దు! దాదాపు 300 సంవత్సరాల తరువాత, 1922లో అవి తిరిగి ఒకటయ్యాయి.

ఆ చేతుల బొమ్మను ఇకమీదట చూచినప్పుడు, లేని గనిని గాక ఉన్న పుస్తకాలను జ్ఞాపకం చేసికొందాము. మన బిడ్డ వడ్రంగమో, తాపీపనో నేర్చుకొంటూ ఉంటే, వాని చేతికి పుస్తకం కూడ ఇద్దాము. మనము చదువుకొన్నవారమైతే, తెలిసినదానిని పొరుగువానికి అర్థమయ్యే ఇంటి మాటలలో చెబుదాము.