పేగువాపు వ్యాధిలో రోగనిరోధక గ్రాహకాలు, సూక్ష్మజీవులు: దక్షిణ భారత పరిశోధనల పాఠం

చిత్తూరు జిల్లా ఐరాల వంటి గ్రామీణ మండలంలో నెలల తరబడి విరేచనాలు, కడుపునొప్పి, బరువు తగ్గడం కనిపిస్తే పేగు క్షయను ముందుగా అనుమానించడం సహజం. అవే లక్షణాలు పేగువాపు వ్యాధుల్లో ఒకటైన క్రోన్స్ వ్యాధిలోనూ ఉంటాయి. కాని చికిత్సలు వేరు. క్రోన్స్‌కు వాడే, రోగనిరోధక శక్తిని అణచే మందులు క్షయరోగికి ప్రాణాపాయం కలిగించగలవు. కనుక క్రోన్స్ మూలాలను గుర్తించడం ఇక్కడ కేవలం శాస్త్రజిజ్ఞాసకు సంబంధించిన విషయం కాదు.

పేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. వాటి ఉనికిని పసిగట్టేవి గ్రాహకాలు. టోల్ తరహా గ్రాహకాలలో నాలుగవది కొన్ని బాక్టీరియాల బాహ్యపొరలోని లైపోపాలీశాకరైడ్‌ను, ఐదవది కశాభంలోని ఫ్లాజెల్లిన్‌ను గుర్తిస్తాయి. కణం లోపలి నాడ్-2 గ్రాహకం బాక్టీరియా గోడలోని మ్యూరమైల్ డైపెప్టైడ్‌కు స్పందిస్తుంది. ఆరోగ్యవంతమైన పేగులో ఈ స్పందన సూక్ష్మజీవులను హద్దులో ఉంచుతుంది, శ్లేష్మపొరను బాగుచేస్తుంది. గుర్తింపు మందగించినా, మితిమీరినా వాపు దీర్ఘకాలికమవుతుంది.

నాడ్-2 జన్యువులోని మార్పులకు, క్రోన్స్ వ్యాధికి గల సంబంధం 2001లో పాశ్చాత్య రోగుల్లో వెల్లడైంది. అయితే చిత్తూరుకు పొరుగునే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు 2008లో, ఆ సాధారణ మార్పులు భారతీయ క్రోన్స్ రోగుల్లో లేవని ప్రకటించారు. 2011లో హైదరాబాదు పరిశోధకులు కూడా ఈ జన్యువులోని సాధారణ భేదాలకు, భారతీయుల పేగువాపు వ్యాధికి సంబంధం కనిపించలేదని తెలిపారు. అంటే ఆ మార్పులు లేకపోయినా వ్యాధి వస్తున్నది.

దీనితో దృష్టి సూక్ష్మజీవుల వైపు మళ్ళుతుంది. 2013లో వేలూరు బృందం పేగువాపు రోగుల మలంలో క్లాస్ట్రిడియం లెప్టమ్ వర్గపు బాక్టీరియా తగ్గినట్లు గుర్తించింది. ఈ వర్గంలోని పలు జాతులు పీచుపదార్థాన్ని పులియబెట్టి బ్యుటిరేట్‌ను తయారుచేస్తాయి. అది పెద్దపేగు కణాలకు ఇంధనం. వాపును అదుపుచేసే టి కణాల వృద్ధికి తోడ్పడుతుందని ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. అయితే ఈ తరుగుదల వ్యాధికి కారణమూ కావచ్చు, పర్యవసానమూ కావచ్చు. రోగులను, ఆరోగ్యవంతులను ఒక్కసారి పోల్చి చూసినంత మాత్రాన ఆ ముడి విడదు.

ఈ ఫలితాలు రెండు జాగ్రత్తలను సూచిస్తున్నాయి. ఒకటి, పాశ్చాత్య నాడ్-2 మార్పులు లేవన్న కారణంతో ఇక్కడి రోగిలో క్రోన్స్‌ను తోసిపుచ్చరాదు. ఎండోస్కోపీ, కణజాల పరీక్ష, క్షయ పరీక్షలు కలిపి చూడాలి. రెండు, రాగిసంగటి, పప్పుధాన్యాల వంటి స్థానికాహారానికి, పేగు బాక్టీరియాకు గల సంబంధాన్ని ఈ ప్రాంత ప్రజల్లోనే, ఏళ్ళ తరబడి అనుసరించి పరిశీలించాలి.