వడ్లు దాటే గడపలు

ఏప్రిల్ చివర తెలంగాణ పల్లెల్లో కొనుగోలు కేంద్రాల ముందు వడ్ల రాశులు వరుస కడతాయి. తేమ పదిహేడు శాతం లోపే ఉండి, తాలు తూర్పారబట్టడం అయిపోయినా, గోనె సంచులు రాకపోతే కాంటా కదలదు. మబ్బు పడితే రైతు పరదాల కోసం పరుగెత్తాలి.

రైతు లెక్కలో కొనేది సర్కారు ఒక్కటే. కానీ ఆ రాశి దాటాల్సిన గడపలు చాలా ఉన్నాయి. తూకం వేసేది గ్రామ మహిళా సంఘమో, సహకార సంఘమో. పంట వివరాలు చూసేది వ్యవసాయ విస్తరణాధికారి. తేమ యంత్రాలు, టార్పాలిన్లు మార్కెటింగ్ శాఖవి. సంచులు, డబ్బులు పౌరసరఫరాల సంస్థవి. లారీ కాంట్రాక్టరుది, మిల్లు ప్రైవేటుది. చివరికి బియ్యం చేరేది భారత ఆహార సంస్థకు. వీళ్లలో చాలామంది ఒకరి మాట ఒకరు వినాల్సిన వాళ్లు కారు.

ఖగడియా నుంచి లింగంపల్లికి

ఈ అల్లిక ఎంత దూరం పాకిందో 2020 యాసంగి చూపించింది. లాక్‌డౌన్ వేళ మార్కెట్లలో గుంపులు చేరకుండా ఊళ్లలోనే కొనాలని ప్రభుత్వం నిర్ణయించింది. కానీ బెంగాల్‌లో జనపనార మిల్లులు మూతపడటంతో ఇక్కడ సంచులకు కటకట వచ్చింది. హోలీకి సొంతూళ్లకు వెళ్లిన బిహార్ హమాలీలు అక్కడే చిక్కుకుపోవడంతో మిల్లుల దగ్గర బస్తా దించేవాళ్లు లేరు. ప్రత్యేక రైళ్లు వలస కూలీలను ఇళ్లకు చేరుస్తున్న ఆ రోజుల్లోనే, మే 8న ఒక రైలు ఎదురుదిక్కున వచ్చింది. బిహార్‌లోని ఖగడియా నుంచి 222 మంది కార్మికులు లింగంపల్లిలో దిగి, బస్సుల్లో మిల్లులకు వెళ్లారు. రెండు రాష్ట్రాలు, రైల్వే, మిల్లర్లు ఒక్క మాట మీదికి వస్తేనే అది సాధ్యమైంది. ఆ సీజనులో కొన్న ధాన్యం సుమారు 64 లక్షల టన్నులు.

అమెరికాలో కీత్ ప్రోవన్, బ్రింటన్ మిల్వార్డ్ 1995లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇలాంటి అల్లికనే పరిశీలించింది. నాలుగు నగరాల్లో మానసిక వైద్య సేవలందించే సంస్థలను వాళ్లు పోల్చి చూశారు. సంస్థల మధ్య రాకపోకలు ఎక్కువైనంత మాత్రాన రోగులకు మేలు జరగలేదు. ఒక ప్రధాన సంస్థ అందరినీ సమన్వయపరిచిన ప్రావిడెన్స్ నగరంలోనే ఫలితాలు మెరుగ్గా కనిపించాయి.

తెగేది ఎక్కడ?

ఇక్కడ జిల్లాలో అలా అందరినీ సమన్వయపరిచే పగ్గాలు అదనపు కలెక్టరు చేతిలో ఉంటాయి. అయినా ముడి తరచూ మిల్లు గేటు దగ్గరే బిగుస్తుంది. ఆహార సంస్థ గోదాముల్లో చోటు లేకపోతే మిల్లులో బియ్యం పేరుకుపోతుంది, గేటు ముందు లారీలు ఆగిపోతాయి, ఊళ్లో కాంటా నిలిచిపోతుంది. తాలు పేరుతో తరుగు తీస్తామని మిల్లు పట్టుబడితే ఆ కోత పడేది రైతు మీద. మాటలు పడేది కాంటా వేసిన మహిళా సంఘం సభ్యులు. మిల్లును నిలదీసే అధికారం వాళ్లకు లేదు. నిలదీయడానికి వచ్చే రైతులు మాత్రం వాళ్ల ఊరివాళ్లే.

అందుకే మొదట మారాల్సింది ఈ లెక్క. కొనుగోలు కేంద్రంలో తేమ చూసి, తూకం వేసి, చీటీ రాశాక ఆ వడ్లు సర్కారువే కావాలి. ఆ తర్వాత లారీ ఆలస్యమైనా, మిల్లు మొరాయించినా ఆ నష్టం సంస్థలు తమలో తాము తేల్చుకోవాలి. ఇప్పుడు మాత్రం లారీ వెంట వెళ్లే ట్రక్ షీటు మీద మిల్లు ఒప్పుకోలు పడేదాకా చెల్లింపు కదలడం లేదు. వానాకాలం విత్తనాలకు అప్పు తెచ్చిన రైతు, బ్యాంకు మెసేజ్ కోసం ఫోను చూసుకుంటూనే ఉన్నాడు.